కర్రు బొబ్బెర్లు

సిరొంచ నుంచి గుడ్డ సంచిల వచ్చిన గింజలకు పేరు లేదు.
నంబరే ఉన్నది, నీలం సిరాతో.
"వీటిల ఇనుము ఎక్కువుంటది" అన్నడు వాసేకర్ సారు మరాఠీల.
నేను తెలుగు చేసి చెప్తే
కుర్సం మాసె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది:
"ఇనుమా? నాగటి కర్రు ఉడకబెట్టుకుంటె అయిపాయె,
గింజలెందుకు పిల్లా!"

నేను అంగన్‌వాడీ దాన్ని.
నా రిజిస్టరు మరాఠీ, పిల్లల అల్లరి తెలుగు,
తల్లులు చెవులల్ల చెప్పుకునే దిగులు గోండి.
కుపోషణ్ అని గడిల రాస్త.
ఆ మాటకు మా ఊళ్లె మాట లేదు.
"బక్కగున్నడు" అంటరు, "ఒంట్ల రగుతం లేదు" అంటరు,
లేకుంటే ఏమనరు,
బిడ్డను చంకనేసుకొని పక్కకు జరుగుతరు.

మాసె మనుమడు జంగు. మూడేండ్లు.
కూసున్నకాడనే నిద్రపోయేటోడు.
దండచేతికి పట్టీ చుడితే ఎరుపు మీద ఆగింది:
పదకొండు పాయింటు మూడు.
ప్రాణహితల తెడ్డు పిడి
అంతకంటె లావుంటది.

చేనంతా పత్తిది.
పత్తి మాట మగోళ్లది, అప్పుది, అడ్తి దుకాణంది.
ఆడోళ్లకు మిగిలింది గట్టు.
మిరుగం వానకు ఆ గట్టు మీదనే
మాసె రెండు సాళ్లు పెట్టింది,
నా మీద నమ్మకంతోని కాదు,
జాగ ఉత్తగ ఉన్నదని.

పొలాల అమాస నాటికి పూత.
ఆ వారమే నది వెనుకకు తన్నింది.
మూడు దినాలు నీళ్లు నిలిచి ఒక సాలు కుళ్లిపోయింది.
ఉన్న సాలుకు పేనుబంక.
తెల్లారకముందే లేచి మాసె పొయ్యిల బూడిద తెచ్చి చల్లింది,
చల్లుకుంట ఎవరినో తిట్టింది,
నన్నే కావచ్చు.

తొలిసారి వండిననాడు ఉడకలే.
కట్టెలు అయిపోయినయి, గింజ కాలే గాని మెత్తబడలే.
"ఇనుమే! ఇనుమే!" అనుకుంట పొయ్యి ఊదింది.
రాత్రే నానబెట్టుమన్న.
ఇంత నిమ్మకాయ పిండుమన్న.
తిన్నంక చాయ వద్దన్న.
ఆఖరిది ఎవ్వరు వినలే.
నిజం చెప్పాలంటే నేనూ వినలే.

తూకం కాడ సారు కాంటా పట్టిండు.
కిలో ఎనిమిదొందలు.
"ఇంతేనా?" అన్నడు.
మాసె మాట్లాడలే. నేనే చెప్పిన:
పచ్చికాయలు బాలింత మడావి శాంతకు పోయినయి,
దోసెడు దోసెడు మూడిండ్లకు పోయినయి,
తోవ పొంటి జంగు నోట్లెకు ఎన్ని పోయినయో
దేవునికే ఎరుక.
సారు పెన్ను ఎత్తి, గడి కోసం వెతికి,
పెన్ను కిందికి దించిండు.

మాఘంల మళ్ల పట్టీ చుట్టిన.
పదకొండు పాయింటు ఎనిమిది.
ఎరుపు దాటి పసుపు అంచు.
గింజల పనా, జ్వరం విడిచిన పనా,
వారానికి రెండిచ్చే గుడ్ల పనా,
నాకు తెల్వదు.
అంకె రాసి రిజిస్టరు మూసిన.
మళ్ల తెరిచి చూసుకున్న.

మల్లేటి మిరుగానికి
ఏరు అవతలి ఒడ్డు నుంచి ఒకామె పడవెక్కి వచ్చింది.
"కర్రు బొబ్బెర్లు మీకాడనేనట గదా, గిద్దెడు ఇస్తరా?"
ఎవరు పెట్టిన పేరో అడుగాల్సిన పని లేకుండె.
మాసె కొంగు మళ్ల నోటికి పోయింది.

అదే పొద్దు సారు ఫోను:
"గింజల నంబరు చెప్పుండ్రి, పై ఆఫీసుకు పంపాలె."
సంచి ఏదని అడిగిన.
చింపి పిల్లగానికి లాగు కుట్టిందట మాసె.
ఎన్ని ఉతుకులు పడ్డా సిరా ఇంకా పోలేదట.

ఆగుండ్రి సారూ,
నంబరు జంగు పిర్రల మీదున్నది.
చదువుదామంటే
వాడు నిలబడుతలేడు,
ఉరుకుతున్నడు.