కావలివాడి జీతం

కిసుమూ. ఆస్పత్రి వెనక ల్యాబు. పొద్దున్న ఏడు.
పరగడుపున రమ్మన్నానని
సరస్సు గాలి తప్ప ఏమీ మింగకుండా వచ్చాడు ఒంగోరో.
జేబులోంచి వల ముక్క తీసి
నైలాన్ దారంతో చిరుగు కుడుతున్నాడు,
నేను సూది తీసేదాకా.

"ఇరవయ్యేళ్లుగా మాత్ర మానలేదు.
కాగితం మీద లేదంటారు.
లేనిదానికి నా నెత్తురెందుకు, అపోందీ?"

లేదని కాదు పెద్దాయనా, కనబడదని.

మీ ఒక్కో కణంలో రెండు మీటర్ల దారం.
హిస్టోన్లనే బుడిపెలకు చుట్టి పెట్టింది ఒళ్లు,
మీరు వలను బెండుకు చుట్టినట్టే.
ఆ మడతల్లో ఎక్కడో
వాడు తన నాలుగు ముక్కలు రాసుకుని పడుకున్నాడు.
చుట్ట బిగువుగా ఉన్నంతకాలం
ఎవరూ చదవరు.

మరి రాత్రి తిన్న ఉగాలీ, ఎండిన ఒమేనా చేపలు?
అరిగి అరిగి, చివరికి రెండు కార్బన్ల తునక.
ఎసిటైల్ అంటాం.
సీసాలో వెనిగర్‌కి మేనత్త కొడుకు.
చాలామటుకు పొయ్యిలో కాలిపోతుంది.
మిగిలింది ఊరికే ఉండదు, ప్రోటీన్ల మీద వాలుతుంది.
హిస్టోన్ వేళ్ల మీద వాలిందా
చేపనూనె అంటిన చేతిలో తాడు జారినట్టు
పట్టు జారుతుంది.
చదవకూడని చోట దారం విచ్చుకుంటుంది.

ఏరి పారేసేవాళ్లు లేకపోలేదు.
సర్ట్యూయిన్లని ఒక తెగ. ఉచితంగా చెయ్యరు.
తునకకొక నాణెం, దాని పేరు ఎన్ఏడీ.
పస్తున్న రాత్రి గల్లాపెట్టె నిండుతుందట,
ముసలితనంలో గలగల తగ్గుతుందట.
ఎలుకల్లో చూశారు.
మీలో, నాలో ఇంకా తేల్చలేదు.

ఆయన సూది వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు.

"నాకు అరవై తొమ్మిది.
మా దుంగా రేవులో పడవల కావలివాడు సేవేకి
మూడు నెలలుగా జీతం లేదు.
రోజూ వస్తాడు.
టార్చి మాత్రం వెయ్యడు."

నేను ఆరేళ్లు చదివింది అది.

ఇంకా చెప్పాలి కదా, చెప్పాను:
తునకలు ఏరేవాళ్ల చేతులు కావాలనే కట్టేసి
దారం విప్పి, వాణ్ణి నిద్ర లేపి
బయటికొచ్చాక పట్టుకుందామని
కొందరు మందులు పరీక్షిస్తున్నారని.

"పడుకున్న నీటిగుర్రాన్ని కర్రతో పొడిచి
ఆ తర్వాత వెతుకుతారా ఈటె ఎక్కడుందో?"

నా దగ్గర జవాబు లేదు.
వెచ్చని గొట్టం ఉంది, దాని మీద అంకె ఉంది.
పేరు రాయకూడదు.

అప్పుడే నా కింది పెదవి చురచుర.
మూడు రాత్రుల డ్యూటీ, సగం చపాతీ, చల్లారిన టీ.
నాకంటే ముందు ఆయనే చూశాడు నీరుపొక్కుని.
పళ్లు లేని నోటితో నవ్వాడు, కుర్చీ కిర్రుమనేట్టు:
"నీ ఇంట్లోనూ ఉన్నాడే, అద్దె కట్టనివాడు!"

వాడు వేరు, వీడు వేరు అనబోయాను.
నాది హెర్పిస్, మకాం నరం మొదట్లో,
ఏ పెళ్లిలోనో ఎవరో పెద్దమ్మ పెట్టిన ముద్దుతో వచ్చుంటాడు.
నాకు ఒక వారం మంట.
ఆయనకి మాత్ర మానితే చావు.
అయినా అనలేదు.
దూది అదిమి పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు.
ఆ కాసేపూ నా పెదవి నేనూ అదిమి పట్టుకున్నాను.

బస్సు ఛార్జీ సంతకం పెట్టి తీసుకుని
బయట బల్ల మీద మందాజీ నమిలాడు, నిమ్మళంగా,
ఒక్కో ముక్కా ఎక్కడికి పోతుందో తెలిసినవాడిలా.
తర్వాత పంటితో దారం కొరికి ముడేశాడు.

సాయంత్రం ఊరికే నడిచాను రేవు దాకా.
సేవే ఉన్నాడు, బోర్లించిన పడవ మీద,
ఒళ్లో ఆరిపోయిన టార్చి.

జీతం వచ్చిందా, అని అడిగాను.

రేపు అంటున్నారు, అన్నాడు.