సూర్యలంక, ప్లైవుడ్ మీద

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో
కూలి పుస్తకం రాసే నా కుర్చీకి ఎదురుగా
ఒక సముద్రం ఉంది.
ఆరడుగుల పొడుగు, మూడడుగుల ఎత్తు,
పైన ట్యూబులైటు.

సుభాని వేశాడు.
అక్షరాల మనిషి. ఈ వీధిలో సగం కొట్ల పేర్లు అతని చేతివే.
మొహాలు రావు.
అందుకని ఒడ్డునున్న వాళ్ళందరికీ వీపులే పెట్టాడు.
చాప మీద ఒరిగిన మొగుడూ పెళ్ళాలు,
ప్యాంటు మోకాళ్ళదాకా మడిచిన మాస్టారులాంటి ఒకాయన,
పొత్తుల బండి చుట్టూ పిల్లలు,
గొడుగు కింద కాళ్ళు బారజాపుకున్న ముసలామె.
"మొహాలేవయ్యా?" అన్నాడు ఓనరు.
"సముద్రం ఎదురుగా ఉంటే
ఇటెవడు చూస్తాడండీ."

ఆ నీలం ఎరువుల కొట్టు బోర్డుకి వేయగా మిగిలింది.
ప్లైవుడ్ వెనక్కి తిప్పితే ఇప్పటికీ
'ఇచ్చట తాలు కాయలు కొనబడును'.

శనివారం సాయంత్రం కూలి.
తొడిమలు తీసే ఆడవాళ్ళు వస్తున్నారని
దగ్గులే ముందు చెబుతాయి.
దీనమ్మ పుస్తకం వంక చూడదు,
వేలు నా చేతికిచ్చి బొమ్మ చూస్తుంది.
"వీళ్ళకివాళ పని లేదా అయ్యా?"
లేదన్నాను.
పై శనివారం:
"ఇవాళ కూడానా?"

వానకి గోడ చెమ్మెక్కి ఇసుక పెచ్చులూడితే
సుభాని మళ్ళీ వచ్చాడు, డబ్బాలతో.
ఇసుక ఇంకా ఆరలేదు.
"నన్నూ కూచోబెట్టు ఓ పక్కన," అంది దీనమ్మ,
"చేతులు నీళ్ళలో ఉండేట్టు.
రాత్రిళ్ళు మజ్జిగలో పెట్టినా మంట తగ్గట్లా."
వెనక నుంచి ఎవరో, "ఉప్పునీళ్ళే అయి! ఇంకా మండుద్ది!"
వరుసంతా నవ్వింది, దగ్గింది.
తనూ నవ్వుతూనే,
"ఇదిగో, ఇక్కడ" అని
చోటు చూపించబోయి బొటనవేలు ఆనించింది.

ప్యాడు ఊదారంగు మీద మిరప ధూళి.
తడి ఇసుకలో ఒక ముద్ర.

"అయ్యో" అంది.
సుభాని గుడ్డ తీశాడు, తుడవలేదు.
మనిషిని వేయడం నాకెక్కడ వచ్చు అనుకున్నాడేమో,
సన్న కుంచెతో
అటు నాలుగు కాళ్ళు, ఇటు నాలుగు,
డెక్కలు రెండు, చుక్కలు రెండు.
ఎండ్రకాయ.

బాపట్ల మీదుగా బస్సులో రెండు గంటలు సూర్యలంక.
నేనూ చూడలేదు.
మొత్తం కుదరక తలెత్తినప్పుడల్లా
అందరూ అటే చూస్తుంటారు, తీరిగ్గా.
ఇటు చూసేది
అదొక్కటే.