వంచిన కొమ్మ

పుస్తకాల బస్సు నడుపుతాను నేను,
రష్యా సరిహద్దుకు ఇవతల, కుహ్మో ఊరి చుట్టూ.
ఇంటికీ ఇంటికీ నడుమ ఎనిమిది కిలోమీటర్ల అడవి.
తిరిగొచ్చిన పుస్తకాల్లో జనం మరిచినవన్నీ నాకే దొరుకుతాయి:
చేపల కొట్టు రసీదు, ఎవరి పిల్లాడిదో పాలపన్ను,
ఒకసారైతే వేయించిన మాంసం ముక్క.

ఆ మార్చిలో,
ఏడో నెల కడుపు స్టీరింగుకు తగులుతుండగా,
కుండల గురించిన పుస్తకంలోంచి ఒక కాగితపు పట్టీ జారింది.
దాని మీద సిరాతో ఒకే ఒక్క అక్షరం.

పుస్తకం హత్సుయే తెచ్చింది.
మూతబడ్డ బడిలో బట్టీ పెట్టుకుని గిన్నెలు కాల్చే మనిషి.
ఇరవయ్యేళ్లుగా ఇక్కడే ఉండి,
ఈ చలి తనకింకా అలవాటు కాలేదని
ప్రతి నవంబరులో ప్రకటిస్తుంది.
"షియొరి," అంది, అక్షరం మీద వేలుంచి.
"చదవడం ఆపిన చోట పెట్టుకునే గుర్తు.
ఆడపిల్లలకు పేరు కూడా."
కాస్త ఆగి,
"కాగితానికి ముందు అది కొమ్మ.
అడవిలోకి పోయేవాళ్లు దారి పొడుగునా
రెమ్మలు వంచుకుంటూ పోయేవాళ్లట,
తిరిగి రావడానికి."

కడుపులో పిల్ల అప్పుడే తన్నిందంటే కథ బావుంటుంది.
తన్నలేదు.
నేనే ఆ మాటను డెబ్బై కిలోమీటర్లు
నోట్లో చప్పరిస్తూ తిరిగాను.

"మనకెవరున్నారు జపానులో?" అన్నాడు యార్కో.
ఎవరూ లేరు, గోడమీది టీవీ తప్ప.
మా అత్త ఔనె మరీ ఇబ్బంది పడింది.
ఆమె నాలుక మీద 'ష' లేదు,
షాంపూను సాంపూ అనే తరం.
'సియొరి' అని రెండుసార్లు తంటాలు పడి
మూడోసారి 'సీరి' దగ్గర ఆగిపోయింది.
సీరి వాళ్లమ్మ పేరు.
ఇక దాన్ని కదిపే నాథుడు లేడు.

బళ్లో ఆ పేరుకు గిరాకీ.
జపాను బొమ్మల సినిమాలు చూసే పిల్లలు
"నిజంగా నీదేనా?" అని చుట్టూ మూగేవాళ్లు.
ఓనా అనే పిల్ల తన పేరిచ్చి
పైన రెండు స్టిక్కర్లు కూడా ఇస్తానంది.
ఒక కుర్రాడు ఆ అక్షరాన్ని మోచేతి మీద
పెన్నుతో గీసుకొచ్చాడు, తలకిందులుగా.
పెద్దవాళ్లు మాత్రం దాని పీచురంగు జుట్టు చూసి
నా వెనక ఇంకెవరికోసమో వెతుకుతారు.
"తండ్రిది అక్కడా?"

పన్నెండో ఏట ఒక రాత్రి నన్నే అడిగింది,
"ఇది మనదేనా అమ్మా? తీసుకోవచ్చా మనం?"
నాకు తెలిసింది లైబ్రరీ జవాబొక్కటే:
అరువు తెచ్చుకున్నది చినగకుండా చూసుకోవాలి.
చెప్పాక నాకే చప్పగా తోచింది.
హత్సుయేని అడిగితే
"మా అక్క మనవరాలి పేరు ఎమ్మా," అంది,
మట్టి మీంచి తలెత్తకుండా.

సెప్టెంబరులో ఎర్రపళ్లు ఏరడానికి వెళ్లాం ముగ్గురం.
ఎనభై ఒకటేళ్ల ఔనె ముందు.
చిత్తడి దాటాక దారి చీలిన చోట
ఆమె మాట్లాడకుండా, అడుగైనా ఆపకుండా,
నడుమెత్తు బర్చి రెమ్మనొకదాన్ని పట్టి
కటుక్కున వంచి సాగిపోయింది.
పై మలుపులో ఇంకొకటి.
తెగిపోకుండా, బెరడు పట్టుకు వేలాడేట్టు,
ఆకుల వెనకవైపు పాలిపోయి కనపడేట్టు.
పదిహేనేళ్లుగా ఆమె వెంట ఈ అడవికొస్తున్నాను.
ఏనాడూ చూడలేదు.

నా కూతురు చూసింది.
"ముమ్మో, దాన్నేమంటారు?"
"దేన్ని?"
"అట్లా వంచడాన్ని."
"దానికి పేరెందుకే? ఇంటికి పోవాలిగా."

బకెట్లు నిండి వెనక్కి తిరిగాక
పిల్లే ముందు నడిచింది.
వంగిన ప్రతి రెమ్మ దగ్గరా ఆగుతోంది,
ఏదో గొణుగుతోంది,
లెక్కపెడుతోందో, పేరు పెట్టి పిలుస్తోందో.
ఆరోది నాకు కనపడలేదు. దానికి కనపడింది.

వెనకనుంచి ఔనె కేక,
"సీరీ! మెల్లగా!"
సరిదిద్దకుండానే
పిల్ల పలికింది.