అటూ ఇటూగా

కొల్లిపర నుంచి వచ్చిన ఫారాలు నూట పన్నెండు.
కోతయ్యాక గడ్డి తగలబెడతారా?
నూట పన్నెండు మందిదీ ఒకటే మాట:
మేం పెట్టం, పక్కచేనోళ్ళు పెడతారు.
పక్కచేనాయన ఫారం తీసి చూస్తే
ఆయనకీ ఓ పక్కచేను ఉంది.

అలా గట్లు దాటుకుంటూ పోతే
అగ్గిపుల్ల గీసినవాడు ఎక్కడా దొరకడు.
నేను మాత్రం ఆ సాయంత్రం తెనాలి బస్సులో
కిటికీ బిగించుకుని కూర్చున్నాను.
కళ్ళజోడు మీద వాలిన నుసిని
ఏ గడిలో రాయాలో ఫారంలో లేదు.

లెక్కకో గుణకం ఉంది.
ఎక్కడో చలిదేశంలో, తలుపులేసిన గదిలో,
ఎవరిదో గడ్డి కాల్చి కట్టిన గుణకం.
మిషను కోసి వదిలేసిన మోకాటెత్తు మోళ్ళు దానికి తెలీవు,
మొదట్లో ఇంకా ఆరని కాలవ తడి తెలీదు.
అయినా హెచ్చవేస్తాను. ఇంకేం ఉంది చేతిలో?

గేదెలదీ అంతే.
ఎండుగడ్డి నమిలినదానికీ, పిల్లిపెసర మేసినదానికీ,
చూడిదానికీ, వట్టిపోయినదానికీ
ఏడాదికి ఒకటే త్రేన్పు.

బెజవాడలో, బెంజి సర్కిల్ దగ్గర మూడంతస్తుల మేడ మీద
మస్తాన్ వలీ ఫిల్టర్ కాగితం మారుస్తాడు,
పసిబిడ్డ పక్కగుడ్డ మార్చినంత మెల్లిగా.
వేలిముద్ర కూడా బరువేనట.
తెల్లగా ఎక్కిన కాగితం
పాలు తక్కువైన టీ రంగులో దిగుతుంది.
మొన్న కరెంటు పోయింది.
మిషను ఊపిరి బిగబట్టుకున్నంతసేపూ
ఊరు పీలుస్తూనే ఉంది.
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాడు:
"కరెంటు లేదు, 4 గం. 10 ని. ఒక కాకి వచ్చి కూర్చుంది."

సీతాపతి సారు నవ్వారు:
"కాకిలెక్కలంటే ఇవేనమ్మా."
ఆ నాలుగు గంటల్లో ముందురోజు సగటు పోశాం,
చాలని మజ్జిగలో నీళ్ళు పోసినట్టు.

పొగ పట్టిక అడుగున నేను రాశాను:
ఇంత. నూటికి నలభై అటూ ఇటూగా.
"నలభయ్యా! పెళ్ళికి విస్తళ్ళు చెప్పినా
ఇంతకంటే దగ్గరగా చెబుతారు."
"పెళ్ళికి పిలిచినవాళ్ళ పేర్లుంటాయి సార్."
ఆయన కాసేపు పెన్ను మూత తిప్పి
సంతకం పెట్టారు.

పై ఆఫీసులో అచ్చయి వచ్చింది.
అంకె ఉంది. దశాంశం తర్వాత రెండు స్థానాల దాకా ఉంది.
అటూ లేదు, ఇటూ లేదు.
గడి ఇరుకైందట.

ఆ నలభైలో ఎవరెవరున్నారో నాకు తెలుసు.
అగ్గిపెట్టె మొలలో దోపుకున్న పక్కచేనాయన,
చలిదేశం త్రేన్పు తేన్చలేని గేదె,
బస్సు కిటికీ ఇవతల నేను.

రాత్రి ఏడింటికి వలీ ఫోను చేశాడు.
"మేడం, మన మేడ మీది గాలి ఎక్కిందా పుస్తకంలోకి?"
ఎక్కింది అన్నాను.
"ఎంతా?"
బయట బందరు కాలవ మీదికి
మంచో పొగో, ఏదో ఒకటి దిగుతోంది.
ఉండు, చూస్తున్నా అన్నాను.