నడక

లెక్క తప్పలేదు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు:
మూడేళ్ళుగా వేళ్ళ మీద అరగదీసిన అంకెలే.
అయినా శనివారం రాత్రి ప్రాక్టీసులో
పాట కుంటుతూనే ఉంది,
కొత్త చెప్పులేసుకున్న పిల్లాడిలా.

ఏసోబు మామ తబలా ఆపి
చేతిలో సుత్తి నా డోలక్ వైపు చూపించాడు.
"గడియారం బానే కొడతన్నావురా.
నడకే లేదు."

నడకంటే ఏంటి మామా?
చెప్పలేదు.
"ఎల్లుండి పొద్దున్నే యార్డుకి రా."

సోమవారం. మిర్చి యార్డు.
గేటు దాటకముందే ముక్కు మండింది.
లారీకీ కాటాకీ మధ్య నలభై అడుగులు.
వీపు మీద టిక్కీతో మామ నడుస్తున్నాడు.
లెక్కపెట్టాను, అలవాటు కదా.
అందలేదు.
ఎడమ కాలు పడ్డాక కుడి కాలు
రావాల్సిన క్షణానికి రాదు,
రవ్వంత ఆగుతుంది,
బరువు ఒక తుంటి మీంచి ఇంకో తుంటి మీదికి
జారేదాకా ఓపిక పట్టి
అప్పుడు పడుతుంది.
ఆలస్యం అనడానికి లేదు.
వెనకొచ్చే బాజీ అడుగూ అంతే,
ఆ వెనక నాంచారయ్యదీ అంతే,
ఎవరూ ఎవర్నీ చూసుకోవడం లేదు.
ఎక్కడో ఒకడు తుమ్మాడు.
తుమ్ము కూడా సరిగ్గా ఆ సందులోనే పడింది.
నవ్వొచ్చింది. తర్వాత కళ్ళనీళ్ళొచ్చాయి,
అది ఘాటుకే.

మామ బస్తా దించి, తువ్వాలు దులిపి, టీ తాగాడు.
ఏం చెప్పలేదు. నేనూ అడగలేదు.

మళ్ళీ శనివారం.
కొత్తపేటలో గుడి వెనక రేకుల హాలు,
తిరిగినప్పుడల్లా టక్కుమనే ఫ్యాను రెక్క.
సలోమక్క రాగం ఎత్తుకుంది.
మొదటి చరణం గడియారమే.
రెండో చరణంలో ఎందుకో
అరచెయ్యి బరువెక్కింది.
వెయ్యాల్సిన చోట వెయ్యకుండా
ఆ బరువు జారేదాకా వదిలేశాను.
వదిలేసిన చోట తోలు
తనంతట తనే పలికింది.

సలోమక్క పాడుతూనే
కాలి బొటనవేలు నేలకి నొక్కింది.
హార్మోనియం అబ్బాయి ఇటు చూడకుండానే తలాడించాడు.
ఫ్యాను రెక్క కూడా మాతో కలిసిందని
ఒట్టేసి చెప్పగలను.

ఆరు ఆవర్తాలు. మహా అయితే ఏడు.
వచ్చేసింది అనుకున్నాను.
అనుకోగానే పోయింది.

మామ పెదవి విరవలేదు, మెచ్చుకోనూ లేదు.
సుత్తితో తబలా అంచు రెండుసార్లు తట్టి
"మళ్ళీ పల్లవి కాణ్ణుంచి" అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆయన తబలాకి
గుడ్డ చుట్టి బీరువాలో పెట్టింది నేనే.
ఇంటికొచ్చి నిద్రమత్తులో కళ్ళు నలుపుకున్నాను.
మండినయ్యి.