వాపసు తేదీ

కొట్టు మూసేస్తున్నాం కదా అని
గోవర్ధనం నాయుడుగారు పాత లెడ్జరు నా ఒళ్లో పడేశారు.
నూట పద్నాలుగో పేజీ, వెలిసిన నీలం సిరా:
చక్రవర్తి కోటు ఒకటి, ఇత్తడి బొత్తాలు పన్నెండు.
మహారాణి గౌను ఒకటి, తోక మూడు గజాలు.
తీసుకెళ్లిన తేదీ ఉంది.
పక్క గడి ఖాళీ.

సాలిగ్రామంలో ఒకప్పుడు స్టూడియో ఉన్న చోట
ఇప్పుడు అపార్ట్‌మెంటు. దాని నీడలో సందు.
లారీ నీళ్ల కోసం ప్లాస్టిక్ బిందెలు
మనుషులు లేకుండానే క్యూలో నిలబడ్డాయి.
భ్రమరాంబగారి ఇల్లెక్కడని నా వచ్చీరాని అరవంలో అడిగితే
‘రాణియమ్మ వీడా?’ అన్నాడు ఇస్త్రీబండి అతను,
నవ్వకుండా.

ఆ సినిమాకి పేరు పెట్టకముందే ఆగిపోయింది.
యూరపులో, ఇప్పుడు పటంలో లేని ఏదో దేశం.
దాని ఆఖరి చక్రవర్తి, ఆఖరి మహారాణి.
హీరో హీరోయిన్లు వేరే. పాటలు వాళ్లవి.
వీళ్లకి ఒక బాల్కనీ, ఒక రైలు,
ఒక్క డైలాగూ లేని పదిహేడు కాల్షీట్లు.
రేపల్లె పిచ్చేశ్వరరావు, ఆయన పెళ్లాం:
జూనియర్ ఆర్టిస్టులు.
కిరీటం తీసి పక్కన పెట్టుకుని
పొట్లం సాంబారన్నం తినేవాళ్లు.

డైరెక్టరు చెప్పాడట:
రాజ్యం పోయిందని ఏడవొద్దు.
రైలెక్కండి. అంతే. వెనక్కి చూడొద్దు.
ఆవిడ అడిగిందట: రైల్లో రాణి ఏం తింటుందండీ?
యూనిట్టంతా పగలబడి నవ్వింది.
ఆయన మాత్రం ఆలోచించి
రేపు చెబుతానన్నాడు.
ఆ రేపు నిర్మాత రాలేదు.

తరవాత ఒక్కొక్కరే హైదరాబాదు వెళ్లిపోయారు.
కెమెరాలు, విగ్గులు, డ్యాన్సు మాస్టర్లు,
చివరికి అప్పులిచ్చినవాళ్లు కూడా.
సెంట్రల్లో ఎవరో ఒకరికి చెయ్యి ఊపి
పార్కు స్టేషన్లో లోకలెక్కి
వీళ్లిద్దరూ కోడంబాకంలో దిగేవాళ్లట,
చాలా సాయంత్రాలు.

ఒకే గది. గౌను తోక
స్టవ్వుకీ మంచానికీ మధ్య పరదా.
జరీ పువ్వుల మీద పోపు చిట్లిన మచ్చలు.
కోటు మేకుకి వేలాడుతోంది. బొత్తాలు లెక్కపెట్టాను: తొమ్మిది.
‘ఒకటి మనవరాలి స్కూలు సంచీకి.
ఒకటి కుక్కరు మూతకి పిడి.
ఒకటి ఆయన జేబులో వెళ్లిపోయింది’ అంది.
ఎక్కడికని నేనడగలేదు.

‘సినిమాలో చక్రవర్తి ఏదో దీవిలో పోతాడు బాబూ,
జలుబు ముదిరి, బొగ్గులు కొనే డబ్బుల్లేక.
రాణి బతికున్నన్నాళ్లూ నల్లబట్టలే.
ఈయనది డిసెంబరు వాన,
పెద్దాసుపత్రి వరండా.
నేను నలుపు కట్టలేదు. ఆ బట్టలు మాకివ్వలేదుగా.’

లెడ్జరు తెరిచి చూపించాను.
కళ్లజోడు కొంగుతో తుడుచుకుని
వేలు పెట్టి, ప్రతి అక్షరం చదివింది.
మూడు గజాలు కాదు, మూడుంపావు అంది.
తరవాత పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.
‘రైలు సీను బాకీ ఉంది కదా.
అది తీసేదాకా మాకు రాజ్యం పోనట్టే.
ఇప్పుడు బట్టలిచ్చేస్తే
కంటిన్యుటీ పోతుంది.’

నవ్వుతోందేమోనని చూశాను.
అప్పటికే పరదా అవతలికి వెళ్లిపోయింది.
ఆవాలు చిటపటలాడాయి.
బయట లారీ హారన్, బిందెలకి ఒక్కసారిగా మనుషులొచ్చారు.
ఆవిడ బిందె ఎవరో నింపి గడప దగ్గర పెట్టి వెళ్లారు.

‘నాయుడుగారి కొట్టు కూడా ఎత్తేస్తున్నారటగా.
నువ్వూ రాత్రి బండికే కదూ?’
అరటాకులో నిమ్మకాయ పులిహోర,
దాని మీద పేపరు, పేపరు మీద పురికొస.
‘రైల్లో తిను’ అంది.

బస్సులో లెడ్జరు మీదే పెట్టుకున్నాను పొట్లాన్ని.
తిరువొత్తియూరు ఆయన ఎవరో కాలు తొక్కి సారీ చెప్పాడు.
సెంట్రల్ వచ్చేసరికి
నూనె అట్ట దాటి, పేజీలు దాటి
నూట పద్నాలుగు దాకా దిగింది.
ఖాళీ గడిలో మరక,
వెలుతురుకి పట్టి చూస్తే
అవతలి పేజీ కనిపిస్తోంది.