ఉన్నది ఉన్నట్టుగా

స్కార్వ్‌నెస్ రేవులో నవంబరు.
మధ్యాహ్నం ఒంటిగంటకే దీపాలు.
చేపల కంపెనీ మేడ మీద సిన్నోవె
వేళ్ళు ఊదుకుంటూ కీబోర్డు ముందు కూర్చుంది.

ఆటుపోట్ల వేళలు చెప్పే చిన్న ప్రోగ్రాం,
గట్టిగా నాలుగు వందల వరుసలు.
దానికి తలపాగా చుట్టినట్టు
పైన ఇరవై ఒక్క వరుసల లైసెన్సు.

"ఇదెవడు చదువుతాడు? తీసెయ్.
మన కంపెనీ పేరు పెట్టు" అన్నాడు ఓడ్‌వార్,
కాఫీ కప్పుతో వచ్చి, కాఫీ కప్పుతో వెళ్ళిపోతూ.

చెరిపే మీట మీద వేలుంచి
ఆమె మొదటిసారి చదివింది.

వాడుకో. మార్చుకో. పదిమందికీ పంచు.
అమ్ముకుని డబ్బు చేసుకో, నన్నడగక్కర్లేదు.
ఒక్కటే:
ఈ నాలుగు మాటల్నీ నా పేరునీ దీన్నుంచి విడదీయకు.

ఆ తర్వాతంతా పెద్దక్షరాలు,
ఎదురుగాలిలో పడవవాడు కేకేసినట్టు.
(తెలుగులో అరవడానికి వేరే అక్షరాలు లేవు,
కాబట్టి మెల్లగానే చెబుతాను)
ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను.
దేనికీ పూచీ లేదు.
నష్టమొస్తే నా మీదికి రాకు.

పడవ మాట అందులో ఎక్కడా లేదు.
ఆమెకే కనబడింది,
పోటు తప్పి ఇసుకలో ఒరిగిన పడవ.

కింద ఒక పేరు: హాల్‌స్టైన్ ఎవ్యెన్.
రాసిన ఉత్తరానికి జవాబు లేదు.
ఐస్ ఫ్యాక్టరీలో ముసలి బెరిట్ చెప్పింది:
"నీటిమట్టం చూసే ఉద్యోగం అతనిది.
మూడు పూటలా కర్ర దగ్గరికి నడిచి వెళ్ళేవాడు.
ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు."

సాయంత్రం ఓడ్‌వార్ మళ్ళీ వచ్చాడు.
"ఉచితమే కదా, ఇంకా ఆ పేరెందుకు?"
"ఉచితమే. అనాథ కాదు."
అతను భుజాలెగరేశాడు. పేరు ఉండిపోయింది.

ఇక అసలు పని.
రెండు వందల పన్నెండో వరుస పక్కన
హాల్‌స్టైన్ రాసుకున్న ముక్క:
"ఇక్కడ ఆరు నిమిషాల తేడా వస్తోంది.
ఎందుకో తెలియదు. గాలి కావచ్చు."

గాలి లెక్క కలిపి చూసింది, తీసి చూసింది.
చంద్రుణ్ణి మళ్ళీ మొదట్నించీ తిప్పింది.
మూడు రాత్రులు.
ఆరు నిమిషాలు అలాగే ఉన్నాయి,
మొండిగా, రాతికంటిన నత్తగుల్లలా.

నాలుగో రోజు ఆ ముక్క కింద
తన పేరూ ఏడాదీ వేసి
ఇంకో వరుస చేర్చింది:

నాకూ తెలియలేదు.